లీజు కాగితంలో మా సర్వే నంబరు

నేను దస్తావేజు లేఖరిని. కోనసీమలో ఒక సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా, రేకుల షెడ్డు కింద, ముప్పై ఏళ్ళ నుంచి అమ్మకాలూ తనఖాలూ భాగపరిష్కారాలూ వీలునామాలూ రాస్తున్నాను. జనం రైటరుగారంటారు. పోయిన ఏడాది సంక్రాంతి వెళ్ళిన వారానికి ఇద్దరు కుర్రాళ్ళు కారు దిగి, లావుపాటి ఫైలొకటి నా బల్ల మీద పెట్టారు. ఇంగ్లీషులో 41 పేజీల లీజు అగ్రిమెంటు. సోలార్ ప్లాంటుకి. దాన్ని తెలుగులో రాసిపెట్టాలి, రైతులకి చదివి వినిపించాలి, సంతకాలప్పుడు పక్కనుండాలి. ఫీజు మాట్లాడుకున్నాం. కాఫీలు తెప్పించారు. నేను అలవాటుగా ముందు పేజీలు వదిలేసి వెనకాల షెడ్యూలు, అంటే భూముల వివరాల పట్టిక, తిప్పాను. ఏ దస్తావేజైనా ముందు చూడవలసింది అదే. షెడ్యూలు మూడో పేజీలో మా నాన్నగారి పేరుంది. పక్కన మా సర్వే నంబరు, 2 ఎకరాల 30 సెంట్లు. ఆ పక్క గడిలో భూమి స్వభావం: బీడు, సాగుకు పనికిరానిది.

ఆ బీడులో డిసెంబరులోనే మా కౌలుదారు కుప్ప నూర్చాడు.

కుర్రాళ్ళకి ఆ సంగతి చెప్పలేదు. తెలుగు చేయడానికి పది రోజులు పడుతుందన్నాను. నిజానికి నాలుగు రోజుల పని.

మా ఊరు ఉప్పలగుప్తం, అల్లవరం మండలాల వైపు, సముద్రానికి నాలుగైదు కిలోమీటర్ల లోపల ఉంటుంది. పేరెందుకులెండి. కోనసీమ అనగానే బయటివాళ్ళకి కొబ్బరితోటలూ కాలువగట్లూ కళ్ళ ముందు మెదులుతాయి. కిందికి వచ్చేకొద్దీ కథ వేరు. కాలువ నీళ్ళు మాకు ఆఖర్న వస్తాయి, మురుగు నీళ్ళు మాత్రం ముందే వస్తాయి. పైవాళ్ళ చేలల్లోంచి దిగిన మురుగంతా మా మీదుగా సముద్రంలోకి పోవాలి. డ్రెయిను పూడిపోయి, గుర్రపుడెక్క పట్టి, సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేస్తే ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? మా చేలల్లోనే కూర్చుంటాయి. పోటు వచ్చినప్పుడు సముద్రం నీళ్ళు వెనక్కి తన్ని వాటికి తోడవుతాయి. మా చేలు దాటితే పర్ర. ఎండాకాలంలో ఉప్పు తెల్లగా పొంగుతుంది, వానలు పడితే గడ్డి లేస్తుంది. ఊళ్ళో గేదెలన్నీ అక్కడే.

2011 సార్వాలో, అంటే వానాకాలం పంటకి, కోనసీమ రైతులు దాదాపు లక్ష ఎకరాలు నారు ఊడ్చకుండా వదిలేసి పంట విరామం ప్రకటించారు. ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా గారితో కమిటీ కూడా వేసింది. గిట్టుబాటు ధర, కూలి రేట్లు, వాటితో పాటు ఈ మురుగు గోల కూడా అప్పుడు గట్టిగానే వినిపించింది. ఆ తర్వాత కూడా మా వైపు కొన్ని చేలు ఒక ఏడు పండుతాయి, ఒక ఏడు మునుగుతాయి. రెండో పంట దాళ్వా అయితే లేనే లేదు. ఇక కంపెనీ వాళ్ళు బీడని ఎలా తేల్చారంటే, శాటిలైటు ఫొటో చూసి. ఆ ఫొటో మే నెలది. మే నెలలో మా ఊరు చూస్తే నేను కూడా బీడనే అంటాను.

ముందుగా చెప్పాలి, నాకు సోలార్ అంటే పడదని కాదు. పసర్లపూడి గ్యాసు బావి బ్లోఅవుట్ మంట 1995లో రెండు నెలలకి పైగా మండింది, 2014లో నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి మనుషులు కాలిపోయారు. ఆ పక్కన బతికినవాళ్ళం ఎండతో కరెంటు చేస్తామంటే కాదని ఎందుకంటాం? పైగా ఎకరానికి ఏటా 40 వేలు ఇస్తామన్నారు. నాకొచ్చే శిస్తు, అంటే కౌలు, ఎకరానికి ఎనిమిది బస్తాలు. 2024-25 మద్దతు ధర క్వింటాలుకి 2300, అంటే 75 కిలోల బస్తా 1725. ఎనిమిది బస్తాలకి 13,800. అది కూడా పండిన ఏడాది మాట. మునిగిన ఏడు కౌలుదారు మొహం చూసి సగం వదిలేస్తాను. ఇక్కడేమో మునిగినా తేలినా 40 వేలు. 2 ఎకరాల 30 సెంట్లకి ఏడాదికి 92 వేలు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయికి ఫోన్ చేసి చెబితే, "నాన్నా, ఇంకా ఆలోచించడానికి ఏముంది?" అన్నాడు. ఆ రాత్రి నాకూ ఏమీ కనపడలేదు.

మర్నాటి నుంచి కాగితం కనపడింది.

గడువు 28 ఏళ్ళు. కంపెనీ మూడు నెలల నోటీసుతో ఎప్పుడైనా వెళ్ళిపోవచ్చు, రైతు మాత్రం 28 ఏళ్ళూ కదలడానికి లేదు. లీజు హక్కుని కంపెనీ బ్యాంకుకి తాకట్టు పెట్టుకోవచ్చు, ఇంకొకరికి బదలాయించవచ్చు, రైతుని అడగక్కర్లేదు. గడువయ్యాక భూమిని "ఉన్నది ఉన్నట్టుగా" అప్పగిస్తారు. అంటే కాంక్రీటు దిమ్మలూ, భూమిలో పాతిన కేబుళ్ళూ, పగిలిన పలకలూ ఉన్నవి ఉన్నట్టుగా. ఇలాంటి షరతులు లీజుల్లో నాకు కొత్త కాదు. ఎవరి తరఫున రాస్తే వాళ్ళకి అనుకూలంగానే రాస్తాం, నేనూ అదే చేస్తాను. నన్ను ఆపింది ఒక చిన్న వాక్యం: అద్దె ప్రతి రెండేళ్ళకీ 5 శాతం పెరుగుతుంది.

వినడానికి బాగానే ఉంది. కాగితం మీద లెక్క వేశాను. ఆఖరి రెండేళ్ళకి ఎకరానికి సుమారు 75,400 అవుతుంది. తర్వాత ఇంకో లెక్క వేశాను. 28 ఏళ్ళ కిందట, 1996-97లో, వడ్ల మద్దతు ధర క్వింటాలుకి 380. నవంబరు 6న తుపాను కోనసీమ కొబ్బరంతా పడగొట్టిన ఏడాది కాబట్టి నాకు ఆ ఏటి ధరలు బాగా గుర్తు. బస్తా 285 రూపాయలు. అది 1725 అయింది, ఆరు రెట్లు. రేపటి ధర ఎవరు చూశారు, కానీ వచ్చే 28 ఏళ్ళలోనూ ఆరు రెట్లే పెరిగిందనుకుంటే బస్తా 10,350 అవుతుంది. 75,400ని దానితో భాగిస్తే ఏడు బస్తాల చిల్లర. ఇవాళ 23 బస్తాల విలువతో మొదలైన అద్దె, చివరికి ఇప్పుడు నాకు మా కౌలుదారు కొలుస్తున్న ఎనిమిది బస్తాల కంటే కిందికి పోతుంది.

మన పెద్దవాళ్ళు శిస్తుని రూపాయల్లో కాకుండా బస్తాల్లో ఎందుకు రాసుకున్నారో, ముప్పై ఏళ్ళుగా ఆ మాట రాస్తున్న నాకు ఆ రాత్రే తెలిసింది. పాత దస్తావేజుల్లో ఇంకో మాట కూడా ఉండేది. నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షిణి, ఆగామి, సిద్ధ, సాధ్యాలనే అష్టభోగాలతో సహా ఈ భూమిని మీకు స్వాధీనపరిచాము అని. మా గురువుగారు గుక్క తిప్పుకోకుండా రాసేవారు. ఎనిమిదీ వెతికితే ఎండ ఎక్కడా లేదు. ఎండని భోగంగా అమ్ముకునే రోజు వస్తుందని పాపం వాళ్ళకేం తెలుసు.

ఇక పదిహేడో పేజీ. అక్కడ నా నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. "ఈ భూమి మీద కౌలుదారులకి గానీ, అనుభవదారులకి గానీ, ఇతరులెవరికీ గానీ ఏ విధమైన హక్కూ లేదని, ఖాళీ స్వాధీనం ఇస్తున్నామని భూయజమాని హామీ ఇస్తున్నాడు."

మా కౌలుదారు పందొమ్మిదేళ్ళుగా ఆ చేను చేస్తున్నాడు. అంతకు ముందు వాళ్ళ నాన్న చేశాడు. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చాక కౌలుదారులకి 11 నెలలకి కార్డు ఇస్తున్నారు. ఆ కార్డుతో భూమి మీద ఏ హక్కూ రాదు. పంట రుణం, బీమా, మునిగితే పరిహారం, అంతవరకే. కానీ దానికి యజమాని సంతకం కావాలి. మూడేళ్ళు వరసగా అతను ఫారం పట్టుకొచ్చాడు. మూడేళ్ళూ నేను "చూద్దాంలే" అన్నాను. చట్టం చదివినవాణ్ణి, ఆ సంతకంతో నాకు పోయేదేమీ లేదని తెలిసినవాణ్ణి. అయినా పెట్టలేదు. ఊళ్ళో ఎవరూ పెట్టడం లేదు, నేనొక్కణ్ణి పెడితే అదో రకంగా ఉంటుందని. కంపెనీ వాళ్ళ షెడ్యూల్లో అతని పేరు లేదని కోప్పడదామంటే, నా రికార్డులోనూ లేదు.

కాబట్టి మొదటి కబురు అతనికే చెప్పాను. అరుగు మీద కూర్చోమంటే కూర్చోకుండా నిలబడే విన్నాడు. చివరికి, "ఆయ్, మీకు 92 వేలు వస్తుంటే నేనొద్దంటానేటండీ రైటరుగారూ. వచ్చే సార్వా దమ్ముకి డబ్బులు అప్పు తెచ్చేశానండి, అదొక్కటి చూడండి" అన్నాడు. గొడవ పడితే నాకు సుఖంగా ఉండేది.

లీజుకి ఒప్పుకోవద్దని ఊళ్ళో చెప్పే హక్కు నాకు లేదు. కాగితంలో ఉన్నదేమిటో చెప్పగలను, అంతే. కంపెనీ కుర్రాళ్ళని పిలిచి ఫీజు అడ్వాన్సు తిరిగిచ్చేశాను. నా భూమే షెడ్యూల్లో ఉంది, ఇక మీ తరఫున రాయడం పద్ధతి కాదన్నాను. తెలుగు చేసిన ప్రతి ఒకటి వాళ్ళకిచ్చి, జిరాక్సు ఒకటి పంచాయతీలో పెట్టాను. చూడరాని రహస్యమేమీ కాదది. ఏడాది దాటిన లీజు ఏదైనా 1908 రిజిస్ట్రేషను చట్టం ప్రకారం రిజిస్టరు చేయాలి, రిజిస్టరయ్యాక ఎవరైనా నకలు తీసుకోవచ్చు. ముందు చూస్తే తప్పేమిటి?

తర్వాత రెవెన్యూ ఆఫీసు చుట్టూ తిరిగాను. కంపెనీ అడిగింది మొత్తం 310 ఎకరాలని అక్కడే తెలిసింది. మెగావాట్‌కి నాలుగైదెకరాలు కావాలి కాబట్టి అరవై మెగావాట్ల పైమాటే. అందులో పట్టా భూములు 190. మిగతా 120 ఊరుమ్మడి పర్ర, రికార్డులో పోరంబోకు. దానికి కంపెనీ ప్రభుత్వానికి వేరే దరఖాస్తు పెట్టింది. పట్టా రైతులకైతే కనీసం ఒక ఫైలు చూపించారు. పర్రలో గేదెలు మేపేవాళ్ళకి ఆ మాత్రం కూడా లేదు. 190లో మళ్ళీ ముప్పై ఎకరాలు అసైన్డ్ భూమి, పేదలకి ప్రభుత్వం డీ-పట్టా ఇచ్చినది. 1977 చట్టం ప్రకారం డీ-పట్టా భూమిని అమ్మడమే కాదు, లీజుకివ్వడం కూడా బదలాయింపే. ఇరవై ఏళ్ళు దాటినవాళ్ళకి పూర్తి హక్కులిస్తూ 2023లో చట్టం మార్చారు, ప్రభుత్వం మారాక ఆ ఫైళ్ళన్నీ మళ్ళీ పరిశీలనలో పడ్డాయి. ఏజెంటు కుర్రాళ్ళు మాత్రం ఆ రైతుల దగ్గర కూడా ఆధారు జిరాక్సులు తీసేసుకున్నారు.

"ప్రజాభిప్రాయ సేకరణ ఎప్పుడు పెడతారండీ?" అని అడిగాను. గ్యాసు బావులకైతే షామియానా వేసి, మైకు పెట్టి, మజ్జిగ ప్యాకెట్లిచ్చి జరిపేవారు. మేం అరిచేవాళ్ళం, వాళ్ళు రాసుకునేవారు. గుమస్తాగారు నవ్వి, సోలార్‌కి అది లేదన్నారు. నిజమే. 2006 పర్యావరణ అనుమతుల నోటిఫికేషను జాబితాలో సోలార్ ఫలకల ప్లాంట్లు లేవు, కాబట్టి బహిరంగ విచారణా అక్కర్లేదు. పొగ లేదు, చప్పుడు లేదు, అందుకని మినహాయింపు. అది సబబే కావచ్చు. ప్రభుత్వమే భూసేకరణ చేస్తే 2013 చట్టం కింద మామూలుగా సామాజిక ప్రభావ అంచనా వేయాలి, కౌలుదారునీ కూలీనీ లెక్కలోకి తీసుకోవాలి. కంపెనీ రైతుతో నేరుగా లీజు రాయించుకుంటే అదీ వర్తించదు. రెండు తలుపులూ చట్టబద్ధంగానే మూసి ఉన్నాయి.

మిగిలింది గ్రామసభ. దానికి ముందు మేం చేసిన పని ఒకటుంది, ఈ వ్యవహారం మొత్తం మీద నాకు మిగిలింది అదే. ఫిబ్రవరిలో మూడు రోజులు పొద్దున్నే బయల్దేరి 310 ఎకరాలూ నడిచాం. నేను, మా కౌలుదారు, గేదెల వాళ్ళు ఇద్దరు, రిటైరైన సర్వేయరు ఒకాయన, మా పెదనాన్నగారి కోడలు. ఆవిడ డ్వాక్రా సంఘం లీడరు, నోరు మంచిది. సర్వేయరుగారి దగ్గర ఎఫ్ఎంబీ నకళ్ళు, అంటే పొలాల కొలతల పటాలు. స్కూలు నుంచి తెచ్చిన చార్టు మీద గీతలు గీసి, కంపెనీ షెడ్యూల్లో లేనివన్నీ రంగు పెన్నులతో ఎక్కించాం.

ముప్పై ఏళ్ళుగా ఆ ఊరి చెక్కుబందీలు, అంటే పొలాల హద్దులు, రాసినవాణ్ణి. "తూర్పు ఫలానావారి చేను, దక్షిణం పుంత" అని ఎన్ని వందల సార్లు రాశానో. ఆ పుంత ఎక్కడికి పోతుందో నడిచి చూసింది లేదు. మోకాల్లోతు తుంగలోంచి శ్మశానానికి పోతుంది. వానాకాలంలో శవాన్ని మోసుకెళ్ళడానికి అదొక్కటే దారి. ఇంకో గట్టు మీదుగా బెస్త వాడ ఆడవాళ్ళు పొద్దున్నే పీతలకీ చిన్న రొయ్యలకీ డ్రెయిను మొగకి వెళతారు. అక్కడ మడ చెట్లు ఎకరమో ఎకరంన్నరో ఉన్నాయి. కోతలయ్యాక బాతులవాళ్ళు వచ్చి దిగే చోటు ఒకటి. పర్రలో ఎత్తుగా ఉండే దిబ్బ ఒకటి, వరదలప్పుడు గేదెల్ని తోలేది అక్కడికే. 1986 వరదకి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు తన కుర్రతనంలో నాలుగు రోజులు ఆ దిబ్బ మీదే ఉన్నానని గేదెల పెద్దాయన చెప్పాడు. 2022 జులైలోనూ పశువుల్ని అక్కడికే ఎక్కించారట. కంపెనీ ప్లానులో ఆ దిబ్బ మీద కంట్రోలు రూము ఉంది. ఎత్తు చూసి సరైన చోటే పట్టుకున్నారు.

ఒకవైపు నిజంగా పనికిరాని భూమి కూడా కనపడింది. దక్షిణాన పాడుబడ్డ రొయ్యల చెరువులు. తొంభైల్లో ఒక ఊపు ఊపి, తెల్లమచ్చ తెగులు వచ్చి అప్పులపాలై వదిలేసినవి. గట్లు విరిగి, అడుగున ఉప్పు గడ్డకట్టి, గడ్డి కూడా మొలవదు. షెడ్యూల్లో అవీ "బీడు" అనే ఉన్నాయి, మా చేనూ "బీడు" అనే ఉంది.

గ్రామసభకి కంపెనీ తరఫున ఒక ఇంజినీరుగారు వచ్చారు. అనంతపురం వైపు మనిషి. ఏజెంట్ల లాగా కాకుండా అడిగిందానికి జవాబు చెప్పాడు. కర్నూలు పార్కులో పనిచేశానన్నాడు. వెయ్యి మెగావాట్లది, దాదాపు ఆరు వేల ఎకరాల్లో ఉంది. "మా సీమలో ఇనుప కాళ్ళు పాతితే రాయి తగులుతుంది సార్. ఇక్కడ ఎంత దింపినా బురదే" అన్నాడు. అందుకని ముందు భూమిని నాలుగడుగులు మెరక చేసి, పైన పాతుదామని వాళ్ళ ప్లాను.

ఆ మాట పూర్తి కానివ్వకుండా మా కౌలుదారు లేచాడు. సభలో అతను మాట్లాడటం నేను చూడటం అదే మొదలు. "మూడొందల ఎకరాలు నాలుగడుగులు లేపేస్తే మరి ఆ నీళ్ళు ఎటు పోతాయండీ?" అన్నాడు. ఇంజినీరుగారు ల్యాప్‌టాప్ తిప్పారు, చుట్టూ మురుగు కాలువ తవ్వుతామన్నారు. "అది ఏ డ్రెయిన్లో కలుస్తుందండీ?" పూడిపోయిన అదే డ్రెయిన్లో. ఇంజినీరుగారు కాసేపు చార్టు వైపు చూసి, ఇది డ్రాయింగులో లేదు సార్, అన్నారు. నిజాయితీపరుడు.

ఇంకో విషయం మా పెదనాన్నగారి కోడలు పట్టుకుంది. పలకలు కడగడానికి నీళ్ళెక్కడివి? ఉప్పు గాలికి పొర పడుతుంది, వానలు లేని నెలల్లో కడగాల్సిందే. బోరు వేస్తామన్నారు. మా దగ్గర మంచినీళ్ళు భూమి పైపొరలో కొద్ది లోతు వరకే ఉంటాయి, దాని కింద ఉప్పునీరు. గట్టిగా తోడితే ఉప్పు పైకి వస్తుంది, ఇక చుట్టుపక్కల బోరింగులన్నీ ఉప్పే. "మీ అద్దాలు మెరవాలని మా బిందెల్లో ఉప్పు పోస్తారా?" అందావిడ. ఆడవాళ్ళ వైపు నుంచి చప్పట్లు.

కరెంటు లైను సంగతి చివర్లో గాని బయటికి రాలేదు. పలకలు పర్రలోనే, కానీ సబ్‌స్టేషను దాకా వైర్లు కొబ్బరితోటల మీదుగా పోవాలి. వైర్ల కింద కొబ్బరిచెట్టు ఉండనివ్వరు. లీజుతో సంబంధం లేని తోటల వాళ్ళు అప్పుడు ఉలిక్కిపడ్డారు.

"ఇళ్ళ మీదా కాలువల మీదా పెట్టుకోండి, పొలాలెందుకు?" అని ఎవరో అరిచారు. నేను కూడా అదే అనుకుని కొంత తిరిగి చూశాను. భీమవరం దగ్గర గొల్లవానితిప్పలో కాలువ మీద జెన్‌కో వాళ్ళు ఒక మెగావాట్ ప్లాంటు కట్టారు, గట్టు మీద నిలబడి చూస్తే ముచ్చటగా ఉంటుంది. భూమి అక్కర్లేదు, కానీ కాలువని దాటే ఇనుప దూలాలకి ఖర్చు ఎక్కువ, కాలువ పూడిక తీయడానికి యంత్రం దిగాలంటే తంటా. రామగుండంలో ఎన్టీపీసీ రిజర్వాయరు మీద 100 మెగావాట్లు తేలుతూ ఉన్నాయి, మాకు అంత నిలకడ నీళ్ళు లేవు. ఇళ్ళ మీదంటారా, సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకి 78 వేలు సబ్సిడీ ఉందని నేనూ మా ఇంటికి పెట్టిద్దామనుకున్నాను. వచ్చిన కుర్రాడు డాబా ఎక్కి చూసి, నీడ పడుతోంది, రెండు కొబ్బరిచెట్లు కొట్టేయాలన్నాడు. మా ఆవిడ అతనికి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. కోనసీమలో ఇళ్ళన్నీ చెట్ల కిందే కదా.

గ్రామసభ తీర్మానం నేనే రాశాను. లీజు వద్దని రాయలేదు. చెరువుల వైపు పెట్టుకోండి, డ్రెయిను గట్టు నుంచి ఇటు రావద్దు, పర్రా దిబ్బా పుంతా వదిలేయండి, మెరక చేయొద్దు, కాళ్ళు పొడుగు చేసుకోండి, కడగడానికి బోరు వద్దు, వాననీళ్ళకి చెరువొకటి ఉంచుకోండి, లైను రోడ్డు వెంట తీసుకెళ్ళండి, పోయేటప్పుడు అన్నీ తీసుకుపోవడానికి డిపాజిట్ కట్టండి. 2022 ఈ-వ్యర్థాల నిబంధనల్లో సోలార్ పలకలూ ఉన్నాయి కాబట్టి ఆ మాట కొత్తగా మేం కనిపెట్టింది కాదు. అద్దె బస్తాల ధరలో ఇవ్వండి.

కంపెనీ వాళ్ళు తీసుకుని వెళ్ళిపోయారు. రెండు నెలలు ఫోన్ లేదు.

ఆ రెండు నెలలు నా జీవితంలో మళ్ళీ వద్దు. వేసవి, పెళ్ళిళ్ళ కాలం, చేతిలో డబ్బు అవసరమైన కాలం. "వచ్చిన లక్ష్మిని రైటరుగారు గుమ్మంలోనే ఆపేశారు" అన్న మాట సెలూన్లో మొదలై గుడి దాకా వెళ్ళింది. మా సొంత బావమరిది మూడెకరాల వాడు, మా ఇంటికి రావడం మానేశాడు. కూతురి పెళ్ళికి ఆ అద్దె అడ్వాన్సు మీదే లెక్క వేసుకున్నాడు. అతని కోపం అన్యాయమని ఇప్పటికీ అనలేను. టెన్షన్‌తో నాకు బీపీ మాత్ర పెంచారు.

మే ఆఖర్లో ఇంజినీరుగారు ఒక్కరే వచ్చారు, ఏజెంట్లు లేకుండా. మళ్ళీ నడిచి చూశారు. చివరికి తేలింది 118 ఎకరాలు, రొయ్యల చెరువులూ వాటిని ఆనుకున్న చౌడూ. మెరక లేదు, చెరువు గట్లు చదును చేసిన మట్టే సర్దుతారు. కాళ్ళు పొడుగు. బస్తాల లెక్కకి మాత్రం ఒప్పుకోలేదు, బ్యాంకు వాళ్ళకి అంకె కావాలట. దాని బదులు పెంపు రెండేళ్ళకి కాకుండా ఏటా 5 శాతం. నేను మళ్ళీ వేసుకున్న లెక్కలో ఆఖరి ఏడాది అద్దె పద్నాలుగు బస్తాల చిల్లర దగ్గర ఆగింది. 23 కాదు, ఏడూ కాదు. డిపాజిట్ ఒప్పుకున్నారు, మేమడిగిన దాంట్లో మూడో వంతుకి. లైను సంగతి ఇంకా తేలలేదు, తోటల వాళ్ళు వేరే తిరుగుతున్నారు. పర్ర మీద కంపెనీ పెట్టిన దరఖాస్తు వెనక్కి తీసుకున్నామన్నారు, ఆఫీసులో ఫైలు మాత్రం పెండింగనే చూపిస్తోంది.

మా 2 ఎకరాల 30 సెంట్లు గీత అవతల పడ్డాయి. గీత గీసింది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. మా బావమరిది మూడెకరాల్లో ఎకరంన్నర లోపలికి వచ్చింది. పెళ్ళికి పిలిచాడు. "నాన్నా, ఊరందరికీ లీజు ఇప్పించి మనది వదిలేశావా?" అని మా అబ్బాయి ఫోన్లో నవ్వాడు. అది నవ్వో కాదో నాకు తెలీలేదు.

లీజులు వేరే రైటరు రాశాడు. చెక్కుబందీలు మాత్రం నన్ను అడిగే రాశాడు: "ఉత్తరం, మేజరు డ్రెయిను గట్టు, దాని మీద గ్రామస్తుల నడక దారి, శ్మశానం పుంత." ఇన్నేళ్ళలో గట్టు మీద నడిచేవాళ్ళని దస్తావేజులోకి ఎక్కించడం ఇదే మొదలు.

జూన్‌లో మా కౌలుదారు ఫారం తేలేదు. నేనే గ్రామ సచివాలయంలో తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. సంతకం పెట్టి ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "ఇప్పుడెందుకండీ?" అన్నాడు. మూడేళ్ళు ఆలస్యమైందన్నాను. దానికేమీ అనలేదు.

ఆగస్టులో వానలకి చేను మళ్ళీ మునిగింది. తొమ్మిది రోజులు నీళ్ళు కదల్లేదు. ఊడ్చిన నారు కుళ్ళిపోయింది. గట్టు మీద ఇద్దరం నిలబడ్డాం. అవతల చెరువుల వైపు ఇనుప కాళ్ళు వరసగా లేస్తున్నాయి, వాటి కింద నీళ్ళు. డ్రెయిను నిండా గుర్రపుడెక్క పూసి ఊదారంగులో మెరుస్తోంది.

"రైటరుగారండీ, అప్పుడు రంగు పెన్నులతో గీశాం కదండీ, ఆ చార్టేదండీ?" అన్నాడు.

"పంచాయతీ బీరువాలో ఉంది. ఏం?"

"డ్రెయినేజీ ఆఫీసుకి పట్టుకెళదామండి. మీరూ రండి."